ఇంట్లో కొంబుచా, నన్నారి సోడా సెటప్: ఏ పైపుకి ఏ ఫిట్టింగ్ కొనాలి

కర్నూలు నుంచి ఒక తమ్ముడు, కడప నుంచి ఒక అక్క, వారం తేడాతో ఇద్దరూ నన్ను ఒకటే అడిగినారు. కొంబుచా (తీపి టీని పులియబెట్టి చేసే పుల్లటి పానీయం) ఇరవై లీటర్ల లెక్కన చేస్తున్నాం, నన్నారి షర్బత్‌కి సోడా కూడా ఇంట్లోనే కొట్టుకోవాలని ఉంది, గిన్నెలోంచి గిన్నెలోకి వంపుకోలేక చేతులు పడిపోతున్నాయి, కొళాయి, పైపు, సిలిండర్ అన్నీ బిగించుకోవాలంటే ఏ ఫిట్టింగులు కొనాలి అని. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతారు, పైగా అసలు డౌట్లన్నీ అంగట్లో నిలబడినాకే వస్తాయి, అందుకే మూడేళ్లుగా అనంతపురంలో నేను కొన్నవి, పారేసినవి, ఇప్పటికీ వాడుతున్నవి అన్నీ పోల్చి ఇక్కడ రాస్తున్నా.

ముందే ఒక మాట చెప్పాలి. ఈ సామానులో చాలావరకు బయటి దేశాల్లో ఇంట్లో బీరు కాచుకునేవాళ్ల కోసం తయారైంది, ఆన్‌లైన్లో వెతికినా ఆ పేర్లతోనే దొరుకుతుంది. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాయడం నేరం, కాబట్టి నేను చెప్పేదంతా టీ డికాక్షన్, కొంబుచా, నన్నారి, అల్లం సోడా, ఉత్త సోడా వరకే. ఫిట్టింగుల లెక్క మాత్రం దేనికైనా ఒకటే.

నా దగ్గర ఉన్నది చెప్తా, మీది దీనికి కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. కింద కొళాయి పెట్టించిన 25 లీటర్ల స్టీలు డేగిసా ఒకటి, అందులో డికాక్షన్ కాస్తా. అక్కడి నుంచి పులియబెట్టే జాడీ. పులిసినాక అది 19 లీటర్ల స్టీలు కెగ్‌లోకి, అంటే ఒత్తిడి తట్టుకునే మూత ఉన్న పీపాలోకి పోతుంది, ఆ కెగ్ పాత ఫ్రిజ్‌లో ఉంటుంది, ఫ్రిజ్ పక్కన కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, రెగ్యులేటర్, చివర ఒక ట్యాప్. అంటే ఈ పైపుల్లో నాలుగు రకాల సరుకు పోతుంది: మరిగే డికాక్షన్, చల్లటి పుల్లటి కొంబుచా, ఒత్తిడితో గ్యాస్, గ్యాస్ కలిసిన సోడా. ఈ నాలుగింటికీ ఒకే పైపు, ఒకే కనెక్టర్ పనికి రావు, అంగట్లో వాళ్లు వస్తాయనే చెప్తారు.

అన్నిటికంటే ముందు థ్రెడ్ సంగతి, ఎందుకంటే నేను ఎక్కువ డబ్బులు పోగొట్టుకున్నది ఇక్కడే. మన దేశంలో ప్లంబింగ్ అంతా బీఎస్‌పీ థ్రెడ్, అంటే బ్రిటిష్ కొలత మర. అర ఇంచు కొళాయి అన్నా, ముప్పావు ఇంచు ట్యాంక్ నిపుల్ అన్నా, సీపీవీసీ పైపుకి పెట్టే లోపలి మర (ఎఫ్‌టీఏ), బయటి మర (ఎంటీఏ) అడాప్టర్లన్నా అన్నీ అదే. బీరు కాచే సామాను ఎక్కువగా అమెరికా డిజైన్ కాబట్టి అది ఎన్‌పీటీ అనే అమెరికా కొలత థ్రెడ్‌తో వస్తుంది. పైకి చూస్తే రెండూ ఒకటే మాదిరి ఉంటాయి. అర ఇంచులో రెండింటికీ ఇంచుకి 14 చుట్లే, తేడా ముఖ్యంగా థ్రెడ్ కోణంలో, బీఎస్‌పీది 55 డిగ్రీలు, ఎన్‌పీటీది 60 డిగ్రీలు. అందుకే ఒకదాంట్లో ఒకటి మూడు నాలుగు చుట్లు బాగానే ఎక్కుతుంది, తర్వాత బిగుసుకుంటుంది, మనం సరిపోయిందనుకుంటాం. పావు ఇంచులో అయితే బీఎస్‌పీకి 19 చుట్లు, ఎన్‌పీటీకి 18, రెండో చుట్టుకే పట్టేస్తుంది కాబట్టి అక్కడ మోసపోయే పని లేదు. మోసం చేసేవి అర, ముప్పావు సైజులే.

మా చెల్లెలి సీమంతానికి అరవై మందికి కొంబుచా చేద్దామని ఆన్‌లైన్లో ఒక మంచి స్టీలు బాల్ వాల్వ్ తెప్పించినా, డేగిసాకి ఇక్కడి ట్యాంక్ నిపుల్, దానికి ఆ వాల్వ్. టెఫ్లాన్ టేప్ పది చుట్లు చుట్టి బిగించినా, నీళ్లు పోసి చూస్తే ఒక్క చుక్క కూడా కారలేదు. రాత్రి డికాక్షన్ కాచి చల్లారబెట్టి పడుకున్నా, వేడికి సాగి మళ్లీ చల్లబడి సర్దుకునే లోపల టేప్ ఎక్కడో చీలింది, పొద్దున లేచేసరికి వంటింటి గచ్చు మీద చక్కెర నీళ్ల మడుగు, దాని చుట్టూ గోడ దాకా చీమల బారు. పక్కింట్లో ఉండే ప్లంబర్ అన్నను పిలిస్తే వాల్వ్ విప్పి చేతిలో తిప్పి చూసి, "ఇది మన థ్రెడ్డు కాదు సార్, నాలుగు చుట్లకే బిగుసుకుంటాండాది, ఎంత టేపు చుట్టినా ఇది నిలవదు" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి నా రూలు ఒకటే, థ్రెడ్ ఉన్నది ఏదైనా సరే బీఎస్‌పీనే, అది కూడా వీలైనంత వరకు ఊర్లోనే కొనాలి. ఆన్‌లైన్లో కొనాల్సి వస్తే వివరాల్లో బీఎస్‌పీ అని రాసి ఉంటేనే ఆర్డర్ పెట్టండి, ఉత్తి అర ఇంచు అని మాత్రమే ఉంటే వదిలేయండి. ఇప్పటికే ఎన్‌పీటీది కొనేసి ఉంటే టేపుతో సరిపెట్టొద్దు, దానికి జతగా ఉండే ఎన్‌పీటీ నిపుల్ కూడా తెప్పించుకుని అవతలి కొస హోస్‌కి కలపండి, అప్పుడు రెండు థ్రెడ్‌లు కొట్టుకునే చోటే ఉండదు.

టేప్ గురించి ఇంకో రెండు మాటలు. స్టీలుకి స్టీలు బిగించేటప్పుడు టేప్ లేకుండా బిగిస్తే థ్రెడ్‌లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, మళ్లీ విప్పాలంటే పానా పెట్టినా రాదు, నాలుగైదు చుట్లు చుట్టాల్సిందే. థ్రెడ్ కొస మన వైపు పెట్టుకుని గడియారం తిరిగే వైపు చుట్టండి, ఎదురు చుట్టితే బిగించేటప్పుడు టేపు ఊడి ముద్దగా బయటికి వస్తుంది. కెగ్ కనెక్టర్ల మీద ఉండే ఫ్లేర్ జాయింటుకి మాత్రం టేపు వేయొద్దు, అక్కడ సీల్ అయ్యేది థ్రెడ్ దగ్గర కాదు, ఏటవాలుగా ఉండే మూతి దగ్గర, ఒక చిన్న నైలాన్ వాషర్ పెడితే చాలు.

ఇంక మెటీరియల్. మన అంగళ్లలో హోస్ నిపుల్, అంటే పైపు తొడిగే మూతి, అడిగితే ముందు ఇత్తడిది ఇస్తారు, లేదా పైన క్రోమ్ పూసిన ఇత్తడిది, మెరుస్తూ ఉంటుంది కాబట్టి స్టీలు అనుకుంటాం. నీళ్లకి అది చక్కగా పనిచేస్తుంది, కొంబుచాకి వద్దు. పులిసిన కొంబుచా పీహెచ్ 2.5 నుంచి 3.5 మధ్య ఉంటుంది, నిమ్మరసానికి దగ్గర దగ్గరగా పులుపు. ఇత్తడిలో రాగి, జింకు ఉంటాయి, లేత్‌లో సులువుగా కోయడానికి కొంచెం సీసం కూడా కలుపుతారు, పులుపు వాటిని కరిగించుకుంటుంది. మన అమ్మమ్మలు చింతపండు పులుసు ఇత్తడి గిన్నెలో కాచాలంటే కళాయి పోయించేది ఇందుకే కదా. నేను మొదట్లో ఒక అంగట్లో స్టీలు అని ఇచ్చిన కొళాయిని జాడీకి పెట్టినా, మూడు వారాల తర్వాత విప్పి లోపలికి టార్చ్ వేసి చూస్తే నోటి దగ్గర క్రోమ్ పొర లేచిపోయి, దాని కింద పసుపు ఇత్తడి, అంచు చుట్టూ నెమలిపింఛం రంగులో పచ్చటి చిలుము. ఆ జాడీలోది మొత్తం పారబోసినా. ఇంట్లో పిల్లలు తాగేది, దాని గురించి ఇంకో ఆలోచన పెట్టుకోలేదు.

గ్యాస్ కలిసిన సోడాకి కూడా ఇదే మాట. కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కలిస్తే కార్బోనిక్ యాసిడ్ అవుతుంది, అది రాగిని కరిగిస్తుంది. సోడా మిషన్లలో గ్యాస్ నీళ్లు వెనక్కి తన్ని రాగి పైపులోకి పోయి, అవి తాగినవాళ్లకి వాంతులైన కేసులు ఉన్నాయి. అందుకే సోడా తగిలే చోట ఇత్తడి ఫిట్టింగ్ ఒక్కటి కూడా ఉండకూడదు. గ్యాస్ మాత్రమే పోయే చోట, అంటే రెగ్యులేటర్ వైపు, ఇత్తడి ఉన్నా ఏం కాదు, పొడి గ్యాస్ దాన్ని ఏం చేయదు. ఒకే ఒక్క షరతు, మధ్యలో నాన్ రిటర్న్ వాల్వ్ ఉండాలి, కెగ్‌లోది వెనక్కి ఎక్కకుండా.

స్టీలులో కూడా తేడాలున్నాయి. అంగట్లో ఎస్ఎస్ అంటారు అంతే, అది 202 గ్రేడో 304 గ్రేడో చెప్పరు. 202 చౌక, కొన్నాళ్లకి థ్రెడ్‌ల సందుల్లో ఎర్రగా తుప్పు చుక్కలు వస్తాయి. అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుందని చాలామంది చెప్తారు, తెలియదు, 202 కూడా 304 మాదిరే అయస్కాంతానికి అంతగా అంటుకోదు. ఒక చుక్క వేసి రంగు చూసే టెస్ట్ కిట్టు స్క్రాప్ వ్యాపారం వాళ్ల దగ్గర ఉంటుంది, తెలిసినవాళ్లుంటే పట్టుకుపోయి చూపించండి. లేదంటే ఫిట్టింగ్ మీదనే 304 అని పోత పోసి ఉన్నది తీసుకోండి. ఇంట్లో వాడకానికి 316 అక్కర్లేదు, 304 చాలు, మిగిలిన డబ్బులు మంచి పైపుకి పెట్టండి.

ప్లాస్టిక్ గురించి భయపడాల్సిన పని లేదు. ఫుడ్ గ్రేడ్ పాలీప్రొపిలిన్ నిపుల్, పాలీప్రొపిలిన్ కొళాయి పులుపుని ఇత్తడి కంటే ఎంతో బాగా తట్టుకుంటాయి. బడ్జెట్ తక్కువ ఉంటే చల్లటి వైపు అంతా ప్లాస్టిక్, వేడి వైపు మాత్రమే స్టీలు పెట్టుకోండి, అది నేను మనస్ఫూర్తిగా చెప్పే సలహా. మెరుపు చూసి క్రోమ్ ఇత్తడి కొనడం కంటే అది ఎంతో నయం.

మన జిల్లాలో ఇంకో ఆశ ఉంటుంది, డ్రిప్ సామాను. వీధికో డ్రిప్ అంగడి, 16 ఎంఎం జాయినర్లు, టేకాఫ్‌లు, గ్రోమెట్లు, ఎండ్ క్యాపులు గుప్పెడు రూపాయలకి గుప్పెడు వస్తాయి, చేతికి భలే సులువుగా ఎక్కుతాయి కూడా. చీనీ తోటకి అవి చాలు, తాగేదానికి వద్దు. ఆ నల్ల ప్లాస్టిక్ తాగే వాటికోసం చేసింది కాదు, పైగా ఆ జాయినర్లు తక్కువ ఒత్తిడికి చేసినవి, వాటికి గ్యాస్ ఇస్తే ఎగిరి గోడకి కొట్టుకుంటాయి.

ఇప్పుడు పైపులు. తాపీ మేస్త్రీలు మట్టం చూసే లెవెల్ పైపు ఉంటుంది కదా, పారదర్శకంగా ఉండేది, చాలామంది అదే తెచ్చి మొదలుపెడతారు, నేనూ అంతే. అది మామూలు పీవీసీ, కొత్తలో దాని వాసన మీకే తెలుస్తుంది, ఆ వాసన కొంబుచాలోకి దిగుతుంది. ఫుడ్ గ్రేడ్ పీవీసీ వేరే ఉంటుంది, చల్లటి వాటికి సరే, 60 డిగ్రీలు దాటితే మాత్రం మెత్తబడిపోతుంది. 90 డిగ్రీల డికాక్షన్ పోతుంటే నిపుల్ దగ్గర పైపు వేడి చేసిన మైనం మాదిరి జారి ఊడిపోతుంది, కాళ్ల మీద పడితే చర్మం లేచిపోతుంది. ఇంట్లో చిన్నపిల్లలు తిరుగుతుంటారు, వేడి వైపు పీవీసీ దయచేసి పెట్టొద్దు.

వేడికి సిలికాన్ ఒక్కటే. ఫుడ్ గ్రేడ్ సిలికాన్ పైపు 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, నీళ్లలో వేసి మరిగించి కడగొచ్చు, వాసన లేదు, వంచితే వంగుతుంది. నా డేగిసా నుంచి జాడీ దాకా అర ఇంచు సిలికాన్ పైపు, మందం మూడు ఎంఎం, మూడేళ్లుగా అదే ఒక్కటే వాడుతున్నా. దానికి ఉన్న లోపం ఏమిటంటే గ్యాస్ దాని గోడల్లోంచి పోతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలికాన్‌లోంచి జల్లెడలోంచి నీళ్లు పోయినట్టు పోతుంది, పైకి ఎక్కడా లీకు కనపడదు, సబ్బు నీళ్లు రాసినా బుడగలు రావు, సిలిండర్ మాత్రం ఖాళీ అవుతుంది. పైగా ఒత్తిడికి ఉబ్బుతుంది. అందుకే సిలికాన్ వేడి వైపుకే, గ్యాస్ వైపుకి, సోడా వైపుకి వద్దు.

చల్లటి సోడాకి మన ఊర్లలోనే చక్కటి జవాబు ఉంది, ఆర్ఓ పైపు. అనంతపురం బోరు నీళ్లలో ఫ్లోరైడ్ కాబట్టి ఇక్కడ ఆర్ఓ లేని ఇల్లు తక్కువ, సర్వీసు చేసే అంగడి ప్రతి సెంటర్లో ఉంటుంది, వాళ్ల దగ్గర పావు ఇంచు తెల్ల పైపు, దానికి తోసి బిగించే కనెక్టర్లు, ఎల్బోలు, టీలు, చిన్న కొళాయిలు అన్నీ ఉంటాయి. తాగే నీళ్ల కోసం చేసిందే కాబట్టి ఫుడ్ గ్రేడ్. లోపలి రంధ్రం నాలుగు ఎంఎం పైచిలుకు ఉంటుంది, అది సోడాకి ఇంకా మంచిది, ఎందుకో కింద చెప్తా. దీనికంటే మెరుగైనది కావాలంటే 8 ఎంఎం బయటి కొలత, 4 ఎంఎం లోపలి కొలత ఉండే రెండు పొరల పైపు ఆన్‌లైన్లో దొరుకుతుంది, లోపలి పొర గాలిని ఆపుతుంది, దాని కనెక్టర్లు కూడా తోసి బిగించేవే. అది నిజంగా బాగుంటుంది, కానీ లోపల సీల్ చేసే రబ్బరు ఓ రింగ్ ఒకటి పోతే మళ్లీ ఆన్‌లైన్లోనే ఆర్డర్ పెట్టి నాలుగు రోజులు ఆగాలి. ఆర్ఓ కనెక్టర్ పోతే నేను బండి మీద పోయి పది నిమిషాల్లో తెచ్చుకుంటా. ఎండాకాలంలో, ఇంట్లో చుట్టాలున్నప్పుడు ఆ పది నిమిషాల విలువ తెలుస్తుంది.

ఇక్కడ ఒక్కటి చాలా జాగ్రత్త. గాలి పనిముట్ల అంగళ్లలో కూడా ఇలాంటి తోసి బిగించే కనెక్టర్లే ఉంటాయి, 6 ఎంఎం, 8 ఎంఎం అని. ఆర్ఓ పైపు పావు ఇంచు, అంటే 6.35 ఎంఎం. 6 ఎంఎం పైపు ఆర్ఓ కనెక్టర్లో పెడితే సులువుగా ఎక్కుతుంది, పట్టుకున్నట్టే ఉంటుంది, లోపల ఓ రింగ్‌కి సరిగ్గా ఆనదు, గ్యాస్ సన్నగా పోతూనే ఉంటుంది. 0.35 ఎంఎం తేడా కంటికి కనపడదు. కాబట్టి ఆర్ఓ పైపుకి ఆర్ఓ కనెక్టర్లు, గాలి పైపుకి గాలి కనెక్టర్లు, రెండూ వేరే డబ్బాల్లో పెట్టుకోండి, కలపొద్దు.

కనెక్టర్లలో ఏది ఏ పనికి అనేది చూద్దాం. పళ్లున్న హోస్ నిపుల్, పైన క్లిప్, ఇది పాత పద్ధతి, చౌక, ఎక్కడైనా దొరుకుతుంది, వేడి వైపు ఇప్పటికీ దీన్ని కొట్టేది లేదు. కొనేటప్పుడు నిపుల్‌ని వెలుతురుకి పెట్టి పళ్ల మీద వేలు తిప్పి చూడండి, పోత పోసిన వాటి మీద నిలువుగా ఒక సన్నటి గీత ఉబ్బి ఉంటుంది, గోరుకి తగులుతుంది, ఆ గీత పక్కనుంచే లీకు మొదలవుతుంది. లేత్ మీద కోసింది తీసుకోండి, లేకపోతే సన్నటి ఎమెరీ పేపరుతో ఆ గీత తీసేయండి. పైపు లోపలి కొలత నిపుల్ కంటే కొంచెం తక్కువ ఉండాలి, వేడి నీళ్లలో ఒక నిమిషం ముంచి తోస్తే ఎక్కుతుంది. సులువుగా ఎక్కే పైపు సులువుగానే ఊడుతుంది.

క్లిప్ అంటే అందరూ స్క్రూ తిప్పే క్లిప్పే తెస్తారు. అర ఇంచు పైన అది సరే. చిన్న పైపుల మీద అది గుండ్రంగా బిగుసుకోదు, కోడిగుడ్డు ఆకారంలో వస్తుంది, రెండు పక్కలా సందు మిగులుతుంది. పైగా దాని గాట్లు సిలికాన్‌ని కోసేస్తాయి. చిన్న సైజుకి చెవి ఉండే క్లిప్పులు వస్తాయి, కటింగ్ ప్లయరుతో ఆ చెవిని నొక్కితే చుట్టూ ఒకేలా బిగుస్తుంది, ఒకసారికే పనికొస్తాయి కానీ అలా బిగించిన జాయింటు నాకైతే ఇంతవరకు ఒక్కటీ కారలేదు.

తోసి బిగించే కనెక్టర్లు చల్లటి వైపుకి, సోడాకి. వీటిలో వచ్చే లీకుల్లో ఎక్కువ భాగం కనెక్టర్ తప్పు కాదు, పైపు కొస తప్పు. కత్తెరతో కోస్తే కొస నలిగి వంకరగా ఉంటుంది, కొత్త బ్లేడుతో నిలువుగా ఒక్క వేటుతో కోయండి, కొస దగ్గర గీతలుంటే ఇంకో ఇంచు కోసేయండి. తోసేటప్పుడు మొదట ఒకచోట ఆగుతుంది, అది పట్టు మాత్రమే, ఇంకా గట్టిగా తోస్తే ఓ రింగ్ దాటి లోపలికి దిగుతుంది, అప్పుడే సీల్ అయినట్టు. పైపు మీద ముందే స్కెచ్ పెన్నుతో 15 ఎంఎం దగ్గర గీత పెట్టుకుంటే దిగిందో లేదో తెలుస్తుంది. పైపు జారి రాకుండా కనెక్టర్ మూతి దగ్గర పెట్టే చిన్న నీలం క్లిప్పు ఉంటుంది, అది తప్పకుండా పెట్టండి. వేడి డికాక్షన్ వీటిలోకి పోనివ్వద్దు.

క్యామ్‌లాక్ అంటే ట్యాంకర్ల వెనక రెండు చెవులు ముడిచి బిగించేది. పెద్ద సెటప్పులకి బాగుంటుంది, చేత్తో క్షణంలో ఊడుతుంది, వేడికి తట్టుకుంటుంది. మన దగ్గర దొరికేవి ఎక్కువగా అల్యూమినియంవి, పులుపుకి అల్యూమినియం వద్దు, స్టీలుది కావాలంటే రేటు వింటేనే వెనక్కి వస్తాం. రోజూ పైపు పెట్టి తీసే పని ఉన్నవాళ్లకే అది అవసరం. ట్రై క్లాంప్ ఇంకో రకం, పాల డెయిరీల్లో వాడేది, థ్రెడ్ అసలు ఉండదు, రెండు చదును అంచుల మధ్య ఒక గాస్కెట్, పైన క్లాంప్. ఒక ఇంచుకి, ఒకటిన్నర ఇంచుకి అంచు ఒకటే, 50.5 ఎంఎం, కాబట్టి క్లాంపులు కలిసివస్తాయి. శుభ్రం విషయంలో దీనికి సాటి లేదు, థ్రెడ్ సందుల్లో చక్కెర, మడ్డి పేరుకునే చోటే ఉండదు. ఇంట్లో ఇరవై లీటర్లకి ఇది ఎక్కువే, కానీ రేపు వంద లీటర్లు చేసి అమ్మాలనుకుంటే థ్రెడ్‌ల మీద డబ్బు పెట్టకుండా మొదటి రోజు నుంచే దీనికి పోండి, డెయిరీ పనులు చేసే ఫ్యాబ్రికేషన్ షాపుల్లో వెల్డింగ్‌తో సహా చేసిస్తారు.

గ్యాస్ వైపు కొంచెం ఎక్కువసేపు చెప్తా, ఎందుకంటే ఇక్కడ తప్పు చేస్తే పోయేది డబ్బు మాత్రమే కాదు. రెగ్యులేటర్ కొనేటప్పుడు వెల్డింగ్ షాపులో కార్బన్ డయాక్సైడ్ రెగ్యులేటర్ అని ఇస్తారు, చూడండి దాని రెండో మీటరు నిమిషానికి ఎన్ని లీటర్లు అని చూపిస్తుంది. అది గ్యాస్ పారడం కొలిచేది, మనకి కావాల్సింది ఒత్తిడి పట్టి ఉంచేది, మీటరు మీద పీఎస్ఐ లేదా బార్ అని ఉండాలి. సిలిండర్ వాల్వ్ ఫొటో తీసుకుపోయి చూపించి, దానికి సరిపోయే నట్ ఉన్న రెగ్యులేటరే అడగండి, మధ్యలో అడాప్టర్లు పెట్టి సరిపెట్టొద్దు. గ్యాస్ నింపించేటప్పుడు ఫుడ్ గ్రేడ్ అని అడిగి నింపించండి.

చల్లదనానికీ ఒత్తిడికీ లెక్క ఉంది. మంచి చురుకైన సోడా కావాలంటే నీళ్లు 4 డిగ్రీల్లో ఉంటే 25 నుంచి 30 పీఎస్ఐ చాలు. అదే 30 డిగ్రీల గదిలో పెట్టి కొట్టాలంటే 70 పీఎస్ఐ దాటాలి. అంటే ఫ్రిజ్ ఉంటే ఆర్ఓ కనెక్టర్లు హాయిగా సరిపోతాయి, ఫ్రిజ్ లేకుండా చేస్తే ప్రతి జాయింటు మీద రెండున్నర రెట్లు ఒత్తిడి. ఫిట్టింగుల మీద పెట్టే డబ్బు పాత ఫ్రిజ్ మీద పెట్టండి. ఒత్తిడి ఇచ్చేది కెగ్‌కి లేదా సోడా పెట్ బాటిల్‌కి మాత్రమే, గాజు జాడీకి, 20 లీటర్ల నీళ్ల క్యాన్‌కి ఎట్టి పరిస్థితిలో ఇవ్వొద్దు, పగులుతాయి.

మన ఎండలకి ఇంకోటి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ లోపల 20 డిగ్రీల దగ్గర ఒత్తిడి 57 బార్ ఉంటుంది. 31 డిగ్రీలు దాటితే లోపల ద్రవం అనేదే మిగలదు, అక్కడి నుంచి ఎండ పెరిగే కొద్దీ ఒత్తిడి గబగబా ఎక్కుతుంది. ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీలు మనకి మామూలే, సిలిండర్‌ని మిద్దె మీద రేకుల కింద, కారు డిక్కీలో పెట్టొద్దు. నీడలో, గాలి ఆడే చోట, నిలువుగా, గోడకి గొలుసు కట్టి పెట్టండి. ఈ గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే కిందనే పేరుకుంటుంది, వాసన రాదు, తలుపులు మూసిన గదిలో నేల మీద చాప వేసుకుని పిల్లలు పడుకునే చోట సిలిండర్ అసలు ఉండకూడదు.

సిలిండర్ నుంచి కెగ్ దాకా నేను 8 ఎంఎం పాలీయురేథేన్ గాలి పైపు, దానికి గాలి కనెక్టర్లే వాడుతున్నా, పొడి గ్యాస్ మాత్రమే పోతుంది కాబట్టి ఇబ్బంది లేదు, మధ్యలో నాన్ రిటర్న్ వాల్వ్ ఉంది. కెగ్ మీద బాల్ లాక్ కనెక్టర్లు రెండు, బూడిద రంగుది గ్యాస్‌కి, నల్లది ద్రవానికి, రెండింటి కొలత కొంచెం తేడా, తప్పుగా పెట్టి బలవంతంగా నొక్కితే మళ్లీ ఊడదు. పిన్ లాక్ అని ఇంకో రకం ఉంది, పాత కెగ్‌లు చౌకగా వస్తే అవి ఉండొచ్చు, ఏదైనా ఒకటే పెట్టుకోండి, రెండు రకాలు ఇంట్లో ఉంటే విడిభాగాలు రెండింతలు. కనెక్టర్ కొనేటప్పుడు వెనక ఫ్లేర్ థ్రెడ్ ఉన్నదే కొనండి, పళ్ల నిపుల్ అచ్చులోనే కలిసిపోయింది వద్దు, రేపు పైపు రకం మారిస్తే ఫ్లేర్ నట్ ఒక్కటి మారిస్తే చాలు. కెగ్ కొనే డబ్బు లేనివాళ్లు పెట్ బాటిల్ మూతికి బిగించే స్టీలు క్యాప్ ఒకటి తెప్పించుకోండి, దానికి ఇదే బాల్ లాక్ పడుతుంది, రెండు లీటర్లతో మొదలుపెట్టి నచ్చితే పెద్దదానికి పోవచ్చు.

ఆర్ఓ పైపు సన్నగా ఉండడం మంచిదని ఎందుకన్నానంటే, 30 పీఎస్ఐతో వచ్చే సోడా పొట్టి పైపులోంచి ట్యాపుకి వస్తే గ్లాసంతా నురగే, గ్యాస్ అంతా బయటికే పోతుంది. సన్నటి పొడవు పైపులో రాసుకుంటూ వస్తే ఒత్తిడి దారిలోనే తగ్గి మెల్లగా దిగుతుంది. నేను ఏడు మీటర్ల ఆర్ఓ పైపు చుట్ట చుట్టి ఫ్రిజ్ లోపలే పెట్టినా, తర్వాత అర మీటరు చొప్పున కోసుకుంటూ వచ్చి ఆరు దగ్గర ఆగినా. ముందే పొట్టిగా కోయొద్దు, కోసింది మళ్లీ అతకదు. నన్నారి పాకాన్ని మాత్రం ఈ పైపులోకి ఎక్కించొద్దు, చిక్కటి చక్కెర సందుల్లో పేరుకుని రెండు రోజుల్లో పులుస్తుంది. పైపులో ఉత్త సోడానే రానివ్వండి, గ్లాసులో నన్నారి, నిమ్మకాయ ముందే పోసి పెట్టుకుని దాని మీద సోడా పట్టండి, రుచి కూడా అప్పుడే బాగుంటుంది.

గోళీసోడా తెలుసు కదా, సీసా మూతిలో చిన్న రబ్బరు రింగు, లోపలి గ్యాసే గోళీని ఆ రింగుకి అదిమి పెడుతుంది. మన కెగ్ మూత పనిచేసేది కూడా అలాగే, లోపలి ఒత్తిడే దాన్ని పైకి అదిమి సీల్ చేస్తుంది. అందుకే మూత బిగించి ముందు 30 పీఎస్ఐ ఒక్కసారి ఇచ్చి రింగు కూర్చున్నాక తగ్గించుకోవాలి. తర్వాత ప్రతి జాయింటుకి సబ్బు నురగ రాయండి, రాసి రెండు నిమిషాలు ఆగి చూడండి, సన్న లీకు బుడగ కట్టడానికి టైం పడుతుంది. రాత్రి సిలిండర్ వాల్వ్ మూసి రెగ్యులేటర్ మీటర్ ముల్లు ఎక్కడుందో ఫొటో తీసుకోండి, పొద్దునకి బాగా దిగి ఉంటే ఎక్కడో పోతున్నట్టు.

ఇక అంగడికి పోయేటప్పుడు, ఇప్పటికే ఉన్న పైపు ముక్క ఒక జానెడు, ఉన్న ఫిట్టింగ్ ఒకటి జేబులో పెట్టుకు పోండి, నోటితో సైజు చెప్తే మూడు నూళ్లది (నూలు అంటే ఇంచులో ఎనిమిదో వంతు) అడిగితే నాలుగు నూళ్లది ఇచ్చి పంపుతారు. మొత్తం సెటప్‌లో థ్రెడ్ అంతా అర ఇంచు బీఎస్‌పీ ఒక్కటే, చల్లటి ద్రవానికి పావు ఇంచు ఆర్ఓ ఒక్కటే, గ్యాస్‌కి 8 ఎంఎం ఒక్కటే ఉండేలా చూసుకోండి. ముప్పావు ఇంచు వాల్వ్ చౌకగా వచ్చిందని తెస్తే దాని వెనక రెడ్యూసర్, దాని వెనక ఇంకో నిపుల్, జాయింటు మీద జాయింటు, కారే చోట్లు పెరుగుతాయి.

మన నీళ్లకి ఇంకోటి అవసరం. బోరు నీళ్ల ఉప్పు నాన్ రిటర్న్ వాల్వ్‌లో, కొళాయి బాల్ మీద తెల్లగా పొరలు కడుతుంది, వాల్వ్ సగం తెరుచుకుని ఉండిపోతుంది. నెలకొకసారి అన్నీ విప్పి, వేడి నీళ్లలో రెండు చెంచాల నిమ్మఉప్పు వేసి అరగంట నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో థ్రెడ్‌ల సందులు రుద్ది, మరిగించిన నీళ్లతో కడిగి, ఓ రింగులు విడిగా తుడిచి ఆరబెట్టుకోండి. ఆరబెట్టేటప్పుడు ఓ రింగుల్ని చేతిలో కొంచెం సాగదీసి వెలుతురులో చూడండి, వెంట్రుకంత చీలిక కనపడినా అది మార్చేయండి. ఒక చిన్న స్టీలు డబ్బాలో నాలుగు ఓ రింగులు, రెండు నైలాన్ వాషర్లు, రెండు సిలికాన్ వాషర్లు, ఒక టెఫ్లాన్ టేప్ చుట్ట, రెండు ఆర్ఓ జాయినర్లు వేసి ఫ్రిజ్ పైన పెట్టుకోండి, ఆదివారం సాయంత్రం అంగళ్లు మూసినాకనే కారడం మొదలవుతుంది.